తిరుపతి శివారులో కాపురం: ఇల్లు చూడకముందు దారి చూడండి, నీళ్ళు చూడండి

రేణిగుంట ఫ్యాక్టరీల్లోనో, ఏర్పేడు దగ్గరి ఐఐటీ, ఐసర్‌లలోనో, శ్రీసిటీలోనో ఉద్యోగం. పిల్లల చదువు తిరుపతిలో. పెద్దవాళ్ళకి ఆస్పత్రి దగ్గర్లో ఉండాలి. ఈ మూడూ కలిసొచ్చే చోటు కోసం తిరుపతి శివారుల్లో ఇల్లు వెతికే కుటుంబాలు ఎక్కువగా చేసే పొరపాటు ఒక్కటే. ముందు ఇల్లు నచ్చుతుంది, తర్వాత దారి గుర్తొస్తుంది. హాలు ఎంతుంది, వంటగది ఏ మూలకుంది, గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడా అని గంటసేపు చూసినవాళ్ళు, ఈ వీధిలో వాన నీళ్ళు ఎటు పోతాయని మాత్రం ఒక్క మాట అడగరు. టైల్స్ మార్చుకోవచ్చు, వంటగది గట్టు మార్చుకోవచ్చు. పల్లంలో ఉన్న స్థలాన్ని మెరక మీదికి తీసుకెళ్ళలేం.

ముందు దిక్కు తేల్చుకోండి

ఊరి రూపం ఒకసారి మనసులో గీసుకోండి. ఉత్తరాన శేషాచలం కొండ గోడలా నిలబడి ఉంది, అటువైపు ఊరు పెరగదు. నడుమ రైలు పట్టాలు తూర్పు పడమరలుగా ఊరిని రెండుగా కోస్తాయి. దక్షిణాన స్వర్ణముఖి. రైల్వే స్టేషను, బస్టాండుల నుంచి అలిపిరి వైపు యాత్రికుల వాహనాలు తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా పారుతూనే ఉంటాయి. మీ రోజువారీ దారి ఈ ప్రవాహాన్ని అడ్డంగా దాటకుండా చూసుకోవడమే సగం పని.

రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి వైపు ఉద్యోగమైతే తూర్పున ఉండండి. కరకంబాడి రోడ్డు, రేణిగుంట రోడ్డు, తిరుచానూరు చుట్టుపక్కల కాలనీలు సరిపోతాయి. చంద్రగిరి, చిత్తూరు, బెంగళూరు వైపు తిరిగేవాళ్ళకి ఎం.ఆర్.పల్లె, తుమ్మలగుంట, పేరూరు, చెర్లోపల్లి పక్క అనుకూలం. చెన్నైకి తరచూ కారులో వెళ్ళేవాళ్ళు తనపల్లి క్రాసుకి ఎంత త్వరగా చేరగలరో చూసుకోవాలి. అక్కడి నుంచి వడమాలపేట, పుత్తూరు మీదుగా దారి తిన్నగా ఉంటుంది. శ్రీసిటీకి శ్రీకాళహస్తి మీదుగానూ వెళ్ళొచ్చు, పుత్తూరు, సత్యవేడు మీదుగానూ వెళ్ళొచ్చు. కంపెనీ బస్సు ఏ దారిన వెళ్తుందో, మీ పక్కన ఎక్కడ ఆగుతుందో హెచ్‌ఆర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. బస్సు ఆగే చోటుకి ఇంటి నుంచి 10 నిమిషాల నడక దాటితే రోజూ ఇంకెవరో బండిమీద దింపాల్సి వస్తుంది. రెండో నెలకల్లా అది ఇంట్లో పేచీ అవుతుంది.

అలిపిరి, కపిలతీర్థం పక్కన ఇల్లంటే అందరికీ మోజే. గాలి బాగుంటుంది, పొద్దున్నే కొండ కనబడుతుంది, స్విమ్స్, రుయా ఆస్పత్రులూ యూనివర్సిటీలూ దగ్గర. తూర్పుకి ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి మాత్రం ఆ ఇల్లు రోజూ భారమే. తిరుచానూరు వైపు నుంచి కపిలతీర్థం దాకా శ్రీనివాస సేతు 2023లో పూర్తిగా తెరిచాక పైనుంచి దాటడం సుళువైంది, నిజమే. కానీ అది ఎక్కే, దిగే చోట్లు కొన్నే. మీ మలుపు ఆ చోట్లలో లేకపోతే సేతు మీ ఇంటి పక్కనుంచే పోతున్నా మీకు పనికిరాదు.

దారి పరీక్ష ఇలా చేయండి. ఇంటి గేటు నుంచి ఆఫీసు గేటు దాకా మూడుసార్లు సొంతంగా బండి నడపండి: సోమవారం పొద్దున 8 గంటలకి, శనివారం సాయంత్రం 6కి, గట్టి వాన పడ్డ రోజు ఒకసారి. ఫోన్లో మ్యాపు చూపే సమయాన్ని నమ్మొద్దు. రైల్వే గేటు పడే సమయం, స్కూలు బస్సులు వీధిలో ఆగి ఆగి పోయే సమయం మీ చేతి గడియారంలోనే తెలుస్తుంది. రాకపోకల్లో ఒక్కో వైపు 20 నిమిషాలు ఎక్కువైతే నెలకి 25 రోజులకి 1,000 నిమిషాలు, అంటే 16 గంటల పైమాట. అద్దెలో 2,000 మిగిలిందని ఆ గంటలు వదులుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే.

రోజూ జాతీయ రహదారి టోలు దాటేవాళ్ళు సొంత కారుకి ఫాస్టాగ్ వార్షిక పాసు లెక్క వేసుకోవాలి. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 దాటింపులు, ఏది ముందైతే అది. వెళ్ళిరావడం రెండు దాటింపులు కాబట్టి రోజూ పోయేవాళ్ళకి 100 పనిదినాల్లో అయిపోతుంది. అందుకని ఆ టోలుకి దగ్గర్లో ఉండేవాళ్ళకిచ్చే నెలవారీ పాసు ధర కూడా అడిగి, రెంటిలో ఏది చవకో చూడండి.

రైలు మీద చెన్నై వెళ్ళొచ్చేవాళ్ళకి సప్తగిరి, గరుడాద్రి ఎక్స్‌ప్రెస్‌లు ఉన్నాయి. సీజన్ టికెట్టు రిజర్వేషన్ బోగీల్లో చెల్లదు, జనరల్ బోగీలోనే ఎక్కాలి. సుమారు 150 కిలోమీటర్లు రోజూ అలా పోయిరావడం ఒంటికి మంచిది కాదు. వారానికి రెండు రోజులైతే ఫరవాలేదు. ముంబయి, చెన్నై లైను రైళ్ళు చాలావరకు రేణిగుంటలో దొరుకుతాయి. ఊళ్ళు తిరిగే ఉద్యోగమైతే స్టేషనూ విమానాశ్రయమూ రెండూ ఆ పక్కనే కాబట్టి తూర్పు శివారే మేలు.

గోడ మీద రెండో క్యాలెండరు

తిరుపతిలో ఉండేవాళ్ళు ఆఫీసు సెలవుల పట్టికతో పాటు కొండ పట్టిక కూడా పెట్టుకోవాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులు, అందులో ఐదో రోజు రాత్రి గరుడసేవ. ఆ రోజు అలిపిరి వైపు వెళ్ళాల్సిన పని ఏదీ పెట్టుకోవద్దు. ఆస్పత్రి అపాయింట్‌మెంటు ఉన్నా ముందురోజుకో మర్నాటికో మార్చుకోండి. తమిళుల పెరటాసి శనివారాలు దాదాపు అదే కాలంలో వస్తాయి. తర్వాత కార్తీకంలో తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు, చివరి రోజు పంచమీతీర్థం. తిరుచానూరులో ఉండేవాళ్ళు ఆ రోజు కారు ఇంట్లోంచి తీయలేరని అనుకుని, అవసరమైతే ముందురాత్రే వాహనాన్ని ఊరి బయట తెలిసినవాళ్ళింట్లో పెట్టుకోవాలి. డిసెంబరు, జనవరుల్లో వైకుంఠ ఏకాదశి, ఆ తర్వాత రథసప్తమి. శివరాత్రికి శ్రీకాళహస్తి రోడ్డు నిండిపోతుంది, ఏర్పేడు వెళ్ళేవాళ్ళు గంట ముందు బయల్దేరాలి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం రోజులు పాత ఊరి వీధులు జనంతో కిక్కిరుస్తాయి. ఆ వారం అటు బండి తీసుకెళ్ళొద్దు. పిల్లల్ని మాత్రం వేషాలు చూడటానికి నడిపించుకుని తీసుకెళ్ళండి, ఈ ఊరి పిల్లలు అది చూసి పెరగాలి.

నీళ్ళు పోయే దారి

ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాలతో వస్తాయి. 2021 నవంబరులో ఊరు మునిగినప్పుడు ఏయే వీధుల్లో నీళ్ళు నిలిచాయో అక్కడివాళ్ళందరికీ గుర్తే. రాయలచెరువు కట్టకి గండి పడుతుందేమోనని కింది పల్లెలు ఖాళీ చేయించిందీ అప్పుడే. అందుకే మార్చిలో, ఏప్రిల్లో ఇల్లు చూసి కొనేయడం ప్రమాదం. కుదిరితే అదే కాలనీలో ముందు అద్దెకి దిగి ఒక కార్తీకమాసం గడవనివ్వండి. తర్వాత కొనండి.

అంత ఓపిక లేనివాళ్ళు ఊరి పేరు చదవండి. తుమ్మలగుంట, కొర్లగుంట, గొల్లవానిగుంట, కొరమేనుగుంట, తాతయ్యగుంట: గుంట అన్నారంటే నీళ్ళు నిలిచే చోటని పెద్దవాళ్ళు చెప్పిపోయినట్టే. గుంట పేరున్న ఊళ్ళో ప్రతి ఇల్లూ మునుగుతుందని కాదు, కానీ అక్కడ ప్రశ్నలు రెట్టింపు అడగాలి. చెరువు కింద కయ్యలుగా ఉన్న భూముల్లో వేసిన లేఅవుట్లకీ అదే జాగ్రత్త. వంక పక్కనుంటే, ఆ వంక ఇప్పుడు ఎంత వెడల్పుందో కాదు, రెవెన్యూ పటంలో ఎంత వెడల్పుందో చూడాలి. పటంలో పెద్దగా ఉండి నేలమీద కాలువంత అయిందంటే మిగతాది ఎవరో పూడ్చారు. వాన పడితే నీళ్ళు పాత దారినే వెతుక్కుంటాయి.

ఇంటి దగ్గర చూడాల్సినవి ఇవి. కాంపౌండు గోడకి బయటి వైపు మోకాలెత్తున అడ్డంగా మట్టిరంగు చార ఉందా? కొత్త రంగు వేసి ఉంటే పక్కింటి గోడ చూడండి, ఎదురింటి ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ చూడండి, వాటికి ఎవరూ రంగు వేయరు. లోపల గోడల కింద అడుగున్నర ఎత్తు దాకా సున్నం పొట్టు లేస్తుంటే చెమ్మ ఎక్కుతున్నట్టు. ఇంటి మట్టం రోడ్డుకి కనీసం 2 అడుగుల ఎత్తున ఉండాలి. సిమెంటు రోడ్డు మళ్ళీ వేసిన ప్రతిసారీ ఆరేడు అంగుళాలు పెరుగుతుంది, మూడు నాలుగుసార్లు వేసేసరికి మీ గుమ్మం రోడ్డుకి సమానమవుతుంది. సమాచారం కోసం బ్రోకరుని అడగొద్దు. పాలు పోసేవాళ్ళనీ, వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్నీ అడగండి. 2021 నాటి ఫోటోలు వాళ్ళ ఫోన్లలో ఉంటాయి.

రైల్వే అండర్‌బ్రిడ్జిల కింద నీళ్ళు నిలిస్తే లోతు పైనుంచి తెలియదు. వెస్ట్ చర్చి దగ్గరి అండర్‌బ్రిడ్జిలో 2021లో వాన నీటిలో చిక్కుకున్న వాహనంలో ప్రాణం పోయింది. గోడ మీద లోతు గుర్తు కనబడకపోయినా, ముందు బండి దాటి వెళ్ళకపోయినా ఆగిపోండి. మీ ఇంటికి అండర్‌బ్రిడ్జి కాకుండా రెండో దారి లేకపోతే ఆ ఇల్లు వదిలేయండి.

నీళ్ళు వచ్చే దారి

ఊళ్ళోకి కల్యాణి డ్యాము నీళ్ళూ, కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్ళూ వస్తాయి. శివారు కాలనీలు చాలావరకు పంచాయతీల కిందున్నాయి, అక్కడ బోరే ఆధారం. కార్పొరేషను కుళాయి ఉందా, పంచాయతీ నీళ్ళా, కాలనీ బోరా అన్నది విడివిడిగా అడగండి. "నీళ్ళకి కొదవ లేదండీ" అన్న జవాబుకి అర్థం లేదు.

బోరు సంగతి మీరే తేల్చుకోవచ్చు. 20 లీటర్ల బకెట్టు, ఫోన్లో స్టాప్‌వాచ్ తీసుకెళ్ళండి. మోటరు వేయించి ట్యాంకులో పడే పైపు దగ్గర బకెట్టు పెట్టండి. 30 సెకన్లకి నిండితే నిమిషానికి 40 లీటర్లు. అంతటితో దిగి వచ్చేయొద్దు. 20 నిమిషాలు మోటరు ఆడనిచ్చి మళ్ళీ కొలవండి. ధార సన్నబడి, మధ్యమధ్య గాలి కొడుతూ బుసబుసమంటుంటే బోరులో ఊట కంటే మోటరు ఎక్కువ లాగుతోందని అర్థం. అలాంటి బోరు మే నెలలో చేతులెత్తేస్తుంది, నీళ్ళు లేకుండా ఆడి మోటరు కాలుతుంది. ఇల్లు అన్ని విధాలా నచ్చితే స్టార్టరుకి డ్రై రన్ రక్షణ పెట్టించి, మోటరుని విడతలు విడతలుగా ఆడేలా టైమరుకి కలపండి. విడతకీ విడతకీ మధ్య ఊట చేరుకుంటుంది.

సంపు కొలత చాలామంది తప్పు చేస్తారు. మనిషికి రోజుకి 135 లీటర్ల లెక్కన నలుగురికి 540. కాబట్టి 2,000 లీటర్ల సంపు చాలనుకుంటారు. ఎండాకాలంలో ట్యాంకరు తెప్పించే రోజొస్తే వచ్చే ట్యాంకరు చాలావరకు 5,000 లీటర్లది. సంపు పట్టదు, డబ్బు మొత్తానికి ఇస్తారు, మిగతా నీళ్ళు పక్కింటికో రోడ్డుకో. లోపలి కొలత 7 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు పెట్టండి. పైన అర అడుగు ఖాళీ వదిలినా 189 ఘనపుటడుగులు, అంటే 5,300 లీటర్ల పైచిలుకు. ట్యాంకరు మొత్తం దిగుతుంది, పది రోజులకి సరిపడా. మూత చుట్టూ 4 అంగుళాల గట్టు కట్టించాలి. గట్టు లేకపోతే మొదటి వానకే వాకిలి నీళ్ళన్నీ సంపులోకి పోతాయి. సెప్టిక్ ట్యాంకు సంపుకి ఎంత దూరంలో ఉందో అడగడం మరవకండి.

నీటి పరీక్షకి లీటరు సీసా పట్టి ల్యాబులో ఇవ్వండి. కరిగిన లవణాలు (టీడీఎస్), గట్టిదనం, ఫ్లోరైడు, నైట్రేటు అడగండి. భారత ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళలో టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిది, ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము, వేరే ఆధారం లేకపోతే 1.5 దాకా. టీడీఎస్ 500 లోపుండి, ఫ్లోరైడు, నైట్రేటు కూడా హద్దు దాటని నీళ్ళకి ఆర్‌ఓ మిషను పెట్టడం నీళ్ళ దండగ, మామూలు ఫిల్టరు, యూవీ చాలు. గట్టిదనం 600 దాటితే గీజరు కాయిల్ పెచ్చులు కట్టి త్వరగా పోతుంది, కుళాయిలకి తెల్ల పూత పడుతుంది.

మిద్దె మీద పడే వానని వదలొద్దు. 1,000 చదరపు అడుగుల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 930 లీటర్లు, పోయేది పోగా 750 దక్కుతాయి. తుఫాను వాన 100 మిల్లీమీటర్లు పడ్డ రోజున 7,500. బోరుకి కాస్త ఎడంగా మీటరు వెడల్పు, మీటరు పొడవు, రెండు మీటర్ల లోతు గుంత తవ్వి, అడుగున పెద్ద కంకర, పైన చిన్న కంకర, ఆపైన ఇసుక పోయండి. మిద్దె పైపుని నేరుగా బోరు కేసింగులోకి పెట్టే మేస్త్రీలు ఉన్నారు. అది చేయనివ్వొద్దు. ఆకులూ, పావురాల రెట్టా, దుమ్మూ కలిసి బోరు నీళ్ళు చెడతాయి.

కాగితాలు

ఇక్కడ స్థలం అంకణాల్లో మాట్లాడతారు. అంకణం ఒకచోట 36 చదరపు అడుగులు, ఇంకోచోట 72. నెల్లూరు నుంచి వచ్చినవాళ్ళు ఈ తేడాతోనే దెబ్బతింటారు. బేరం ఏ లెక్కలో సాగినా అగ్రిమెంటులో చదరపు గజాలు రాయించండి. సెంటు అంటే 48.4 గజాలు.

తుడా (తిరుపతి నగరాభివృద్ధి సంస్థ) లేఅవుట్‌ని ఆమోదిస్తూ ఇచ్చిన ఎల్‌పీ నంబరు అడగండి. బ్రోషరులో అచ్చేసింది చాలదు, ఆమోదించిన ప్లానులో మీ ప్లాటు నంబరు ఎక్కడుందో, పార్కుకి వదిలిన స్థలమో తనఖా పెట్టిన ప్లాటో కాదని చూడాలి. 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకి రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. ఆస్తి మీద పాత లావాదేవీలు, తనఖాలు చూపే ఈసీ ఆన్‌లైన్లో తీయండి, 1983కి ముందుది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషను చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో విడిగా చూడండి. గుడి మాన్యాలు, మఠం భూములు, చెరువు పోరంబోకు, వంక పోరంబోకు ఈ ఊరి చుట్టూ ఎక్కువ. డీకేటీ పట్టా భూమిని, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమిని, స్టాంపు కాగితం మీద రాసిస్తామంటే ఎంత చవకైనా లేచి వచ్చేయండి. అసైన్డ్ భూముల అమ్మకాన్ని కట్టడి చేసే చట్టం 1977 నుంచి ఉంది, బ్యాంకు అప్పు పుట్టదు, ఇల్లు కట్టాక నోటీసు వస్తుంది.

ఫ్లాటు కొనేవాళ్ళకి రెరా చట్టం కింద స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్ళ దాకా కట్టడంలో లోపాలని బిల్డరే సరిచేయాలి. మిద్దె కారినా గోడ పగిలినా ఫోన్లో చెప్పి ఊరుకోకుండా తేదీతో ఈమెయిలు పంపండి. అసోసియేషన్ మెయింటెనెన్స్ ఎంతని కాకుండా, కిందటి ఏడాది లెక్కల పుస్తకం చూపించమనండి. లిఫ్టు, జనరేటరు, డ్రైనేజి ట్యాంకరు ఖర్చులు అందులో తెలుస్తాయి. ఎంత మంది బాకీ ఉన్నారో కూడా.

స్కూలు, కొండ పక్క ఇళ్ళు

స్కూలుని ఇంటి నుంచి దూరంతో కాకుండా బస్సులో పిల్లవాడు కూర్చునే సమయంతో కొలవండి. 6 కిలోమీటర్ల స్కూలుకి వ్యాను కాలనీలన్నీ తిరిగి గంట చేస్తుంది. చిన్నవాడికి 35 నిమిషాలు దాటకూడదు. మొదట ఎక్కే స్టాపు, చివర దిగే స్టాపు మీదేనా అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. రాష్ట్ర సిలబస్ స్కూళ్ళు జూన్‌లో తెరుస్తాయి కానీ పేరున్నచోట సీట్లు జనవరి, ఫిబ్రవరిలోనే నిండుతాయి. బదిలీ మీద వచ్చేవాళ్ళు ఇంటి కంటే ముందు సీటు ఖాయం చేసుకోవాలి.

కొండ అంచున, యూనివర్సిటీ వెనక పక్కల చిరుతలు తిరగడం కొత్తేమీ కాదు. అవి కుక్కల కోసం వస్తాయి, కుక్కలు చెత్త కోసం వస్తాయి. తడి చెత్త డబ్బాని రాత్రి గేటు బయట పెట్టొద్దు, పొద్దున బండి వచ్చే వేళకే తీసుకెళ్ళండి. వీధి చివర లైటు వెలగకపోతే అదే రోజు ఫిర్యాదు చేయండి. పిల్లల్ని చీకటి పడ్డాక కొండ వైపు సైకిళ్ళ మీద పంపొద్దు. కోతులకైతే వంటగది కిటికీకి అంగుళం సందుల మెష్, మిద్దె మీది ట్యాంకు మూతకి కొక్కెం పెట్టించాలి. కొక్కెం లేని మూత ఎత్తి అవి ట్యాంకులో దిగితే ఆ నీళ్ళు మొత్తం పారబోసి, బ్లీచింగ్ పౌడరుతో కడిగి, మళ్ళీ నింపుకోవాలి.